ముక్కు మీది పల్లిచేను

భోగి నాడు పొద్దున మా వాకిట్లో జరిగిన సంగతి ఇది. వనపర్తిలో ఇంటర్ చదివే మా మనవరాలు పండక్కి గద్వాల వచ్చింది. తలంటి స్నానాలు అయిపోయాయి. లోపల అవ్వ నువ్వులద్దిన సజ్జరొట్టెలు కాలుస్తోంది. ఎండ కోసం నేను అరుగు మీద కూచున్నాను. పిల్ల వచ్చి నా పక్కన కూచుంది. చూస్తే ముక్కుకు అడ్డంగా ఒక తెల్ల పట్టీ.

రొట్టె తీసుకొచ్చిన అవ్వ హడలిపోయింది. "అయ్యో బిడ్డా, ముక్కుకు ఏం తాకిందే?"

"తాకలేదవ్వా, ఇది పోర్ స్ట్రిప్. ముక్కుల ఉన్న నల్ల మచ్చలు గుంజుతది. పది నిమిషాలు మాట్లాడొద్దు."

పది నిమిషాలు గడిచాక పట్టీ అట్టలా బిగుసుకుంది. అంచు పట్టుకుని మెల్లగా లాగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లాగిన పట్టీని తిరగేసి నా ముందు పెట్టింది. "సూడు తాతా, నా ముక్కుల ఎంత మురికి ఉన్నదో!"

బడిలో సైన్స్ చెప్పిన రోజుల నాటి భూతద్దం ఇంకా నా దగ్గరే ఉంది. తెప్పించి చూశాను. జొన్న కోశాక చేలో కొయ్యకాళ్లు ఎట్లా నిలబడతాయో, పట్టీ మీద సన్నసన్నటి పోచలు అట్లా నిలబడి ఉన్నాయి. కొన్ని మైనం రంగు, కొన్ని బూడిద రంగు, రెండు మూడింటికి మాత్రం నల్లటి తల. పక్కన సూది మొన కన్నా సన్నటి వెంట్రుకలు. ఈ వయసులోనూ ఇంత ముచ్చటగా చర్మాన్ని చూసే అవకాశం దొరికినందుకు నాకు సంతోషం కలిగింది. పిల్ల ముఖంలో మాత్రం సిగ్గు కనిపించింది. "రోజుకు నాలుగుసార్లు ముఖం కడుగుత తాతా, అయినా ఇంత మురికి!" అంది.

ఆ ఒక్క మాట కోసమే ఈ కబురు రాస్తున్నాను. పట్టీ మీద ఉన్నది మురికి కాదు.

మీ అరచెయ్యి ఒకసారి చూసుకోండి. ఎక్కడా జిడ్డు ఉండదు. అరికాలూ అంతే. ఆ రెండు చోట్లు తప్ప ఒంటి మీద దాదాపు అంతటా చర్మం కింద చిన్నచిన్న నూనె గ్రంథులు ఉంటాయి. ముఖం మీద అయితే ఒక్క చదరపు సెంటీమీటరులో, అంటే బొటనవేలి గోరంత మేరలో, 400 నుంచి 900 దాకా ఉంటాయి. ఒక్కో గ్రంథి ఒక వెంట్రుక గొట్టంలోకి నూనె వదులుతుంది. ఆ గొట్టానికి పైనున్న నోటినే మనం చర్మరంధ్రం అంటున్నాం. ముక్కు మీద ఆ గ్రంథులు పెద్దవి, వెంట్రుకలేమో మరీ సన్నవి. అందుకే ముక్కు మీద వెంట్రుక కనపడదు, రంధ్రం కనపడుతుంది.

ఆ నూనెను వైద్యులు సీబం అంటారు. అందులో మన వంటనూనెలో ఉండే జాతి కొవ్వులు సగానికి పైగా ఉంటాయి. తేనెతుట్టె మైనం లాంటివి పావు వంతు. స్క్వాలీన్ అనే మరో నూనె ఎనిమిదో వంతుకు దగ్గరగా ఉంటుంది. సొరచేప కాలేయంలో మెండుగా దొరికే నూనె అది. జపాన్ రసాయన శాస్త్రవేత్త సుజిమోటో మొదట దాన్ని అక్కడే పట్టుకున్నాడు. సొరచేప కాలేయంలో ఉన్నది గద్వాల పిల్ల ముక్కు మీద కూడా ఉందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటి మీద వెన్న పూసినట్టు తెల్లటి పూత చూశారా? అందులోనూ ఈ నూనే కలిసి ఉంటుంది. తల్లి ఒంట్లోని హార్మోన్ల వల్ల కడుపులోనే ఈ గ్రంథులు పనిచేస్తాయి. పుట్టాక కొన్నేళ్లు సద్దుమణిగి, ఈడొచ్చే వేళకు మళ్లీ లేస్తాయి. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా అంతే. మా మనవరాలు నాలుగుసార్లు కడిగినా, పది సార్లు కడిగినా ఆ గ్రంథులకు ఆ కబురు అందదు. వాటికి హార్మోన్ల మాటే వినపడుతుంది.

ఇక పట్టీ మీది పోచలు. గొట్టం లోపలి గోడ కూడా చర్మమే. అది కూడా రోజూ సన్నటి పొట్టు రాలుస్తుంది. ఆ పొట్టు, నూనె, అక్కడ కాపురముండే సూక్ష్మజీవులు, ఒకటి రెండు నూగు వెంట్రుకలు కలిసి గొట్టంలో ఒత్తిలా నిలుస్తాయి. దీపం ప్రమిదలో ఒత్తి నూనెను పైకి తెస్తుంది కదా, ఈ ఒత్తీ నూనెను పైకి తెచ్చి చర్మం మీద పరుస్తుంది. ప్రతి మనిషి ముక్కులోనూ అవి ఉంటాయి. ముక్కు మీద ఒకే ఎడంలో, ఒకే సైజులో బూడిద రంగు చుక్కలు పరుచుకుని ఉంటే అవి ఈ ఒత్తులే. జబ్బు కాదు.

బ్లాక్‌హెడ్ వేరు. అక్కడ గోడ రాల్చే పొట్టు విడివిడిగా జారిపోకుండా ఒకదానికొకటి అంటుకుంటుంది. నూనెతో కలిసి ముద్దకట్టి బిరడాలా బిగుసుకుంటుంది. నోరు తెరిచే ఉంటే తల నల్లబడుతుంది. నోరు మూసుకుపోతే చర్మం రంగులోనే చిన్న బుడిపెలా ఉంటుంది, దాన్ని వైట్‌హెడ్ అంటారు. నల్లదనానికి ధూళి కారణమని మా తరంలో చాలామంది నమ్మారు, టీచర్లు కూడా. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ ఆ బిరడాలోనూ ఉంటుంది. కోసిన వంకాయ గాలికి నల్లబడ్డట్టే, గాలి తగిలే చోట నూనె కూడా ఆక్సిజన్‌తో కలిసి రంగు మారుతుంది. మెడ రుద్దినట్టు ముక్కు రుద్దితే అది పోదు. ఎందుకంటే అది చర్మం పైన అంటుకున్నది కాదు, లోపల పుట్టింది.

మా పిల్ల పట్టీ మీద లెక్కపెట్టి చూశాం. నల్ల తలలవి మూడు. మిగతావి యాభైకి పైగా, అన్నీ మామూలు ఒత్తులే. ఆ లెక్క విన్నాక దాని ముఖం కొంచెం తేటపడింది.

సరే, ఆ పట్టీ ఎట్లా పనిచేస్తుంది? గుడ్డ లాంటి సన్నటి పట్టీ మీద ఒక పాలిమర్ పూత ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు అది దేనికీ అంటుకోదు. ముక్కును బాగా తడిపి పట్టీ వేస్తే పూత కరిగి జిగురవుతుంది, రంధ్రాల నోళ్లలోకి కొంచెం దిగుతుంది. పది, పదిహేను నిమిషాల్లో నీరు ఆరిపోయి బిగుస్తుంది. లాగితే తనను పట్టుకున్నవన్నీ వెంట తెస్తుంది.

నీరు తగిలితేనే జిగురు కావడం మన నాగర్‌కర్నూల్ జిల్లా వాళ్లకు కొత్త కాదు. అమ్రాబాద్, మన్ననూరు వైపు నల్లమలలో తపసి చెట్టు ఉంటుంది. తెల్లటి బెరడుతో వెన్నెల్లో మనిషిలా నిలబడుతుంది. దాని గాటు నుంచి కారే బంకను చెంచులు ఏరుకొస్తారు. ఆరిన తపసి బంక గులకరాయిలా గట్టిగా ఉంటుంది. పొడి చేసి నీళ్లు తగిలిస్తే ఎన్నో రెట్లు ఉబ్బి, పట్టుకుంటే వదలని జిగురవుతుంది. కట్టుడు పళ్లు చిగుళ్లకు అంటుకుని నిలవడానికి వాడే పొడుల్లో ఈ బంక చాలాకాలంగా ఉంది. నల్లమల చెట్టు కార్చిన బంక ఎక్కడో ఒక ముసలాయన నోట్లో పళ్లను పట్టి ఉంచుతుందన్నమాట. నోరు ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి అక్కడ అది వదలదు. ముక్కు పట్టీ పని దీనికంటే ఒక అడుగు ముందుకు వెళ్తుంది. తడిసి అంటుకోవాలి, ఆరి బిగవాలి.

ఆరి బిగవడం ఎట్లాగో గద్వాల నేతగాళ్లు చెప్తారు. పడుగు నూలుకు గంజి పట్టిస్తారు. తడిగా ఉన్నప్పుడు గంజి పోగు సందుల్లోకి దిగుతుంది, ఆరాక పోగుకు తొడుగులా బిగుస్తుంది. అప్పుడే మగ్గం మీద రాపిడికి నూలు రేగకుండా నిలుస్తుంది. పట్టీ మీది పాలిమర్ కూడా ఒత్తి తలకు అట్లాగే తొడుగవుతుంది.

ఇంకొక కిటుకు ఉంది. చాలా పట్టీల మీది పాలిమర్‌కు ప్లస్ విద్యుదావేశం ఉంటుంది. అట్ట పెట్టె వెనక అక్షరాల్లో పాలీక్వాటర్నియం-37 అని చదివి మా పిల్లే వినిపించింది. చర్మపు పొట్టులోని ప్రోటీన్లకు మైనస్ వైపు మొగ్గు ఉంటుంది. ప్లస్, మైనస్ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. తలకు రాసుకునే కండిషనర్ వెంట్రుకను అంటిపెట్టుకునేదీ ఈ సూత్రం మీదే. ఈ పట్టీలను జపాన్‌లోని కావో కంపెనీ 1996లో బియోరే పేరుతో అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడు అమెరికా చేరాయి. అంతకు పాతికేళ్ల ముందే, 1971లో, మార్క్స్, డాబర్ అనే ఇద్దరు చర్మ వైద్యులు గాజుపలక మీద సయనోఅక్రిలేట్ జిగురు చుక్క వేసి, చర్మానికి అంటించి లాగి, వచ్చిన పొరను సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి రాసిపెట్టారు. పరీక్ష గదిలో వైద్యుడు చేసిన పనికి దగ్గరి పని ఇప్పుడు అద్దం ముందు పిల్లలు చేస్తున్నారు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. సయనోఅక్రిలేట్ అంటే చెప్పులు, బొమ్మలు అతికించే సూపర్ గ్లూ. పట్టీలకు డబ్బులు ఎందుకని ఫోన్‌లో వీడియో చూసి ఆ జిగురులో బొగ్గుపొడి కలిపి ముఖానికి పూసుకునే పిల్లలున్నారు. అది వైద్యుడు గాజుపలక మీద వేసిన ఒక్క చుక్క కాదు. ముఖానికి అంటుకుంటే చర్మం ఊడి వస్తుంది. దూదితో, నూలు గుడ్డతో తుడవబోతే నూలుతో కలిసి ఒక్కసారిగా వేడెక్కి కాలుస్తుంది. మగ్గాలున్న ఇళ్లలో నూలు ఎప్పుడూ చేతికి అందే దూరంలో ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

పట్టీ మంచిదా, చెడ్డదా? నన్నడిగితే ముందు పల్లిచేను దగ్గరికి రమ్మంటాను. వనపర్తి చుట్టుపక్కల యాసంగి పల్లి పీకుడు చూసినవాళ్లకు ఈ సంగతి నోటితో చెప్పక్కర్లేదు. భూమిలో తగినంత తడి ఉండి పీకితే ఊడలకు కాయలు వేలాడుతూ చెట్టంతా వస్తుంది. నేల గట్టిపడ్డాక పీకితే ఊడలు తెగి కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. చెట్టు చేతికొస్తుంది, పంట రాదు. ముక్కూ అంతే. తడి చాలకపోతే పట్టీ పొట్టును, నూగు వెంట్రుకలను పీకుతుంది, ఒత్తి లోపలే తెగుతుంది. గోరువెచ్చటి నీటితో కడిగి, ముక్కు బాగా తడిగా ఉండగానే వేయాలి. గోరువెచ్చన ఎందుకంటే సీబం వేడికి మెత్తబడుతుంది. సంక్రాంతి పొద్దున మా ఇంట్లో కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంటుంది. ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే కరుగుతుంది. సీబం అంత గట్టిగా గడ్డకట్టదు గానీ చలికి చిక్కబడుతుంది, వేడికి పలచబడుతుంది. ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయని బ్యూటీ పార్లర్లలో చెప్తారు. రంధ్రానికి తలుపు లేదు, తెరిచి మూసే కండరమూ లేదు. మెత్తబడేది లోపలి సరుకు మాత్రమే.

అయితే పల్లికీ ముక్కుకూ ఒక తేడా ఉంది, మొత్తం కథ అందులోనే ఉంది. పల్లి పీకితే చేను ఖాళీ. ముక్కులో ఒత్తిని పీకితే కింద గ్రంథి అక్కడే ఉంటుంది, దాని పని అది చేస్తూనే ఉంటుంది. వేసవిలో తుంగభద్ర ఎండినప్పుడు రాజోళి దగ్గర ఇసుకలో చెలిమె తోడేవాళ్లం. చెంబుతో ఉన్న నీరంతా తోడేసి ఒడ్డున కూచుంటే కాసేపటికి అడుగు నుంచి మళ్లీ ఊరేది. ముక్కు చెలిమె నిండడానికి నెల రోజులు, ఒక్కోసారి ఇంకా తక్కువ. పట్టీ లాగిన సాయంత్రం అద్దంలో ముక్కు నున్నగా కనపడుతుంది, అది నిజమే. ఆ నునుపు నిలవదు, అదీ నిజమే. పట్టీతో రంధ్రాలు చిన్నవి కావు. కొత్త బిరడా పుట్టడం ఆగదు. మూసిన నోటి వైట్‌హెడ్‌ను అది ముట్టుకోలేదు, ఎర్రగా వాచిన మొటిమను ముట్టుకోకూడదు.

అయినా పట్టీని నేను పూర్తిగా వద్దనను. దానికి పోటీ ఏమిటో చూడాలి కదా. మన ఇళ్లలో పోటీ గోరు. రెండు గోళ్ల మధ్య పట్టి నొక్కడం. నొక్కితే సగం పైకి వస్తుంది, సగం లోపలికి పోతుంది. గొట్టం గోడ పగిలి కొవ్వు, సూక్ష్మజీవులు లోపలి చర్మంలోకి జారితే వాపు, చీము, ఆ తర్వాత మచ్చ. పైగా ముక్కు మొదలు నుంచి పెదవి మూలల దాకా ఉన్న త్రికోణంలో రక్తనాళాలకు తల లోపలి నాళాలతో దారి ఉంది. అక్కడ నొక్కిన చోట చీముపడితే, అరుదుగా అయినా, ప్రాణం మీదికి వస్తుంది. గోరుతో పోలిస్తే పట్టీ నూరు రెట్లు నయం. పుండ్లు, వాపు లేని ముక్కుకు, రెండు మూడు వారాలకు ఒకసారి, పండక్కో పెళ్లికో ముందు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. పెళ్లి రేపనగా మొదటిసారి వేసుకోవద్దు. చర్మం ఎర్రబడితే దిగడానికి రెండు మూడు రోజులైనా ఉండాలి.

పట్టీ ఊరికే ఒత్తిని మాత్రమే తీయదు. చర్మం పై పొరలో చనిపోయిన కణాలు పెంకుల్లా పేర్చి ఉంటాయి, సుమారు 15 నుంచి 20 వరసలు. అంతా కలిపినా వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపే గోడ అదే. ప్రతి పట్టీ ఆ పెంకుల్లో కొన్నింటిని ఊడదీస్తుంది. ఇల్లు కప్పినవాడికి తెలుసు, ఒకటి రెండు పెంకులు జారితే సర్దుకోవచ్చు. రోజూ జారితే వాన ఇంట్లోకే. అందుకే ఎక్కువ పట్టీల పెట్టె మీద మూడు రోజులకు ఒకసారి మించొద్దని రాసి ఉంటుంది. నేనైతే దానికంటే దూరం పెట్టమంటాను. మన చామనఛాయ ఒంటికి ఒక ప్రత్యేకత ఉంది. ఎక్కడ రాపిడి, మంట, గాయం తగిలినా అక్కడ మెలనిన్ ఎక్కువ తయారై గోధుమ రంగు మచ్చ నెలల తరబడి నిలుస్తుంది. నల్ల చుక్క తీయబోయి నల్ల మచ్చ తెచ్చుకోవడం అంటే ఇదే.

మా గద్వాల ఎండాకాలంలో ఇంకొక జాగ్రత్త అవసరం. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద కూచుంటే పట్టీ పెట్టె మీద రాసిన సమయం కన్నా ముందే ఎండుతుంది. గడియారం చూడకుండా వేలితో తాకి చూడాలి. అట్టలా బిగుసుకోగానే రెండు వైపుల అంచుల నుంచి మధ్యకు మెల్లగా తీయాలి. మరీ అంటుకుపోతే లాగొద్దు, నీళ్లతో తడిపితే వదిలేస్తుంది. మళ్లీ జిగురైపోతుంది కదా.

ఇంతవరకు విని అవ్వ అడిగింది, "మరి నా నలుగు పిండి సంగతేంది?"

నలుగు గురించి చెప్పేటప్పుడు నేను జాగ్రత్తగా మాట్లాడతాను. ఆమె చేతి శనగపిండి, పసుపు, మీగడ నలుగుతో ఈ ఇంట్లో మూడు తరాలు పెరిగాయి. శనగపిండి పైనున్న జిడ్డును పీల్చుకుంటుంది, రాలబోయే పొట్టును ఊడుస్తుంది. గొట్టం లోపలికి మాత్రం దిగదు. మెత్తగా జల్లించి, ముఖం మీద సున్నితంగా రాసి కడిగితే మేలే. గరుకుగా నూరి గట్టిగా రుద్దితే పట్టీ చేసే చెడ్డపనే అదీ చేస్తుంది. నిమ్మరసం, తినే సోడా పూయడం మాత్రం అసలు వద్దు. ఒకటి పుల్లన, ఇంకొకటి క్షారం. చర్మానికి రెండూ గిట్టవు.

ఇంకొక సంగతి అవ్వకు నచ్చలేదు గానీ చెప్పాను. తలకు దట్టించిన కొబ్బరినూనె నుదుటి మీదికి దిగి రాత్రంతా ఉంటే, అక్కడ రంధ్రాలు బిరడాపడి చిన్నచిన్న బుడిపెలు లేస్తాయి. తలకు రాసే జిడ్డు లేపనాల వల్ల నుదుటి మీద మొటిమలు రావడం గురించి ప్లెవిగ్, ఫుల్టన్, క్లిగ్మన్ అనే వైద్యులు 1970లోనే రాశారు. తలకు నూనె మానమని కాదు. నుదురు తుడుచుకుని పడుకోమని.

పీకడం కాకుండా పుట్టకుండా చూసే దారి ఏదైనా ఉందా అంటే ఉంది, రెండు మందులున్నాయి. మొదటిది సాలిసిలిక్ ఆమ్లం. కాలి ఆనెలకు అంటించే పట్టీలో ఉండేది ఇదే, అక్కడ చాలా గాఢంగా ఉంటుంది. దాన్ని ముఖానికి తాకించకూడదు. ముఖానికి వాడేది అర శాతం నుంచి రెండు శాతం దాకా. ఇది నూనెలో కరుగుతుంది కాబట్టి నూనె నిండిన గొట్టంలోకి దిగి, అంటుకున్న పొట్టును విడదీస్తుంది. చాలా ముఖం సబ్బుల్లో ఉంటుంది గానీ, పూసి కాసేపు ఉంచితేనే పని చేస్తుంది.

రెండోది ఎ విటమిన్ కుటుంబం. అమెరికాలో చర్మ వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ ట్రెటినాయిన్ అనే మందు మొటిమలకు పనిచేస్తుందని 1969లో చూపించాడు. ఇప్పుడు దాని వరసలోనే కొంచెం నెమ్మదైన అడాపలీన్ ఉంది. గొట్టం గోడ పొట్టు అంటుకోకుండా విడివిడిగా రాలేటట్టు అది చేస్తుంది. బిరడా పుట్టే చోటే దాని పని. రాత్రిపూట బఠానీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా పూయాలి. మొదట్లో చర్మం పొడిబారుతుంది, మండుతుంది. ఫలితం కనపడడానికి రెండు మూడు నెలలు ఆగాలి. పల్లిపంట చేతికొచ్చే కాలం కన్నా తక్కువే అది. డాక్టరు చెప్తేనే వాడాలి. గర్భిణులు వాడకూడదు. ఈ మందు వాడుతున్నవాళ్లు ముక్కు పట్టీ జోలికి అసలు పోకూడదు. మందుతో పలచబడ్డ పై పొర పట్టీతో పాటు ఊడి పచ్చి పుండవుతుంది. పట్టీ పెట్టెల మీద ఈ హెచ్చరిక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్దవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని చదివి పిల్లలకు చెప్పాలి.

బిరడాలు పిల్లలకే అనుకోకండి. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసి, బీడీ, చుట్ట కాల్చిన కొందరు పెద్దవాళ్లకు కళ్ల పక్కన, కణతల మీద లావుపాటి నల్లటి బిరడాలు గుంపుగా కనపడతాయి. ఎండకు చర్మం లోపలి సాగే గుణం పోయి గొట్టాలు వదులైపోతాయి. అక్కడ పట్టీ అంటించొద్దు. చర్మ వైద్యుడు చిన్న పరికరంతో శుభ్రంగా తీస్తాడు.

నేను చదువుకునే రోజుల్లో చర్మానికి ఏమైనా అయితే మాకు కర్నూలో, మహబూబ్‌నగరో, కాకపోతే హైదరాబాదో దిక్కు. బస్సు ఖర్చుకు భయపడి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. గద్వాలకు 2024లో వచ్చింది. మూడు ఊళ్లలోనూ పెద్దాసుపత్రికి వెళ్లి చర్మ వైద్యుడి ఓపీ ఏ రోజో అడగవచ్చు. మొటిమకు డాక్టరు ఎందుకని పిల్లలను వెక్కిరించేవాళ్ల మాట వినకండి. ముఖం మీద మచ్చతో కాలేజీకి పోవడానికి వెనకాడే పిల్లకు అది చిన్న సంగతి కాదు.

పండగ అయ్యాక మనవరాలు వనపర్తి వెళ్లింది. పెట్టెలో మిగిలిన పట్టీలు వెంట తీసుకెళ్లింది గానీ ముక్కును చూసుకుంటూ లెక్క రాస్తానంది. ఇరవై ఆరు రోజులకు ఫోన్ చేసింది.

"తాతా, చెలిమె ఊరింది. అన్ని చుక్కలూ వచ్చినయి. కానీ నల్లతలవి రెండే."

నాకు నవ్వొచ్చింది. మళ్లీ పట్టీ వేసుకున్నావా అంటే లేదంది. ఆ రెండూ ఎవరికి కనపడతాయిలే అంది. ఆ మాట దాని నోటి నుంచి వినడం నాకు పండగలా ఉంది. తర్వాత గొంతు తగ్గించి, హాస్టల్లో తన పక్క మంచం పిల్ల సంగతి చెప్పింది. మందుల షాపులో ఎవరో ఇచ్చిన క్రీము ఆరు నెలలుగా రాస్తోందట. మొదట ముఖం తెల్లబడింది. ఇప్పుడు బుగ్గలు ఎర్రగా కందిపోయి, ఎండకు మండుతోంది, మొటిమలు మునుపటికంటే ఎక్కువయ్యాయి. ఒక్కరోజు రాయకపోతే ముఖమంతా మంట.

ట్యూబు మీద పేరు చదవమన్నాను. అక్షరం అక్షరం చదివింది. చివర్న బీటామెథసోన్ అని ఉంది.

అది స్టెరాయిడ్. గజ్జో తామరో తెలియక, తెల్లబడాలని, మొటిమలు పోవాలని మన ఊళ్లల్లో ముఖాలకు రాసే ట్యూబుల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఇదీ, క్లోబెటసాల్, మోమెటసోన్ లాంటి దీని చుట్టాలూ. వాపును వెంటనే అణచేస్తుంది కాబట్టి మొదటి వారం దేవుడిలా కనపడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, నాళాలు బయటపడి, మందు లేకపోతే నిలవలేని స్థితికి వస్తుంది. చర్మ వైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మే జాబితాలో చేర్చింది. అయినా ఆ పిల్ల చేతికి చీటీ లేకుండానే వచ్చింది.

పట్టీ వల్ల పోయేది నాలుగు పెంకులు. ఈ ట్యూబు గోడనే తినేస్తుంది. ఒక్కసారిగా మానేసినా మంట ఎగదన్నుతుంది. డాక్టరే మెల్లగా దించాలి.

వచ్చే సోమవారం ఇద్దరం కలిసి పెద్దాసుపత్రికి పోతామంది మనవరాలు. ఆ ట్యూబు పారేయొద్దు, అట్టపెట్టెతో సహా డాక్టరుకు చూపించండి అన్నాను. ఆ పిల్లను ఒకసారి ఫోన్‌లోకి పిలవమన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నా ముఖం మునుపటిలాగ అయితదా తాతా?" అని అడిగింది. టైం పడుతుంది బిడ్డా, కానీ చర్మం రోజూ కొత్తగా పుడుతూనే ఉంటుందని చెప్పాను.